లెగనన్న మాటకు తర్జుమా

రాయ్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు చర్చిలో ప్రసంగం ఎప్పుడూ రెండుసార్లు జరిగేది. పాస్టరు గారు హిందీలో ఒక వాక్యం చెప్పి ఆగేవారు. పక్కన నిలబడ్డ జ్ఞానప్రకాశం దాన్ని తెలుగులో చెప్పేవాడు. పాస్టరు గారిది ఒక వాక్యమైతే జ్ఞానప్రకాశానిది రెండున్నర. దేవుడు మనల్ని ప్రేమించాడని ఆయన చెప్పి ఊరుకుంటే, ఆ ప్రేమ ఎంత లోతో, ఎంత వెడల్పో టేపు పెట్టి కొలిచి చూపిస్తే గానీ ఇతనికి తృప్తి ఉండేది కాదు. అసలు కంటే వడ్డీ ముద్దని ఊరికే అన్నారా, సగం మంది ఆ వడ్డీ కోసమే వచ్చేవారు.

తమాషా ఏమిటంటే, ఆ చర్చిలో హిందీ రాని మనిషి ఒక్కరూ లేరు. పండరీ బజారులో చీరల కొట్టువాడి నోరు మూయించి సగం ధరకు చీర పట్టుకొచ్చే ఆడవాళ్లు వాళ్లు. పిల్లలైతే ఇంట్లో తగువులు కూడా హిందీలోనే పడేవారు. అయినా తర్జుమా ఉండాల్సిందే. ఎప్పుడో తాతల రోజుల్లో తెలుగు పాస్టరు దొరక్క హిందీ ఆయన్ని పెట్టుకున్నప్పుడు మొదలైన ఆచారం అది. హిందీలో ఏం విన్నా అది పాస్టరు గారి మాట, తెలుగులో వింటేనే దేవుడి మాట అని అక్కడివాళ్ల లెక్క. తెలుగు పడేదాకా ఎవరూ ఆమెన్ అనేవారు కాదు.

జ్ఞానప్రకాశం తండ్రి బొబ్బిలి అవతలి పల్లె నుంచి పట్టాల గ్యాంగులో పనికి వచ్చినవాడు. జ్ఞానప్రకాశం మాత్రం ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, వేగన్ల రిపేరు షాపులో ఫిట్టరుగా చేరి, ఫిట్టరుగానే రిటైరయ్యాడు. హిందీ వీధిలో వచ్చింది. ఇంగ్లీషు ఫోర్‌మన్ల తిట్లలోంచి ఏరుకున్నాడు. తెలుగు మాత్రం పాత బైబిలు చదివి నేర్చుకున్నాడు. అందుకని వేదిక ఎక్కితే "ప్రభువు సెలవిచ్చుచున్నాడు, మీరు గైకొనుడి" అనేవాడు. దిగి ఇంటికొస్తే "ఏటే, కూరేటి సేసినావు" అనేవాడు. ఈ రెండు తెలుగులూ ఒకే నోట్లో ఉంటూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

ఇక ఆ చర్చిలో కూర్చునే పద్ధతి కూడా చెప్పాలి. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. రెండు పక్కలా ముందు బెంచీలు, వెనక చాపలు. బెంచీల మీద ఎవరి పేరూ రాసి ఉండదు గానీ ఏ బెంచీ ఎవరిదో చంటిపిల్లలకు కూడా తెలుసు. తండ్రులు గార్డులుగా, గుమాస్తాలుగా వచ్చినవాళ్లవి బెంచీలు. పట్టాలు మోయడానికి, పాయిఖానాలు కడగడానికి వచ్చినవాళ్లవి చాపలు. ఇంకా తవ్వితే అది సొంత ఊళ్లో ఎవరిది ఏ పేట అన్నదాకా పోతుంది, కాబట్టి ఎవరూ తవ్వరు. క్రీస్తులో అందరూ ఒక్కటే కదా, ఎక్కడ కూర్చుంటే ఏమిటి అనేవారు పెద్దలు. ఆ మాట చాపలవాళ్లకే చెప్పేవారు. బెంచీలవాళ్లకు చెప్పాల్సిన అవసరం ఎవరికీ తోచలేదు.

మరి జ్ఞానప్రకాశం ఎక్కడ కూర్చునేవాడు అంటారా? ఎక్కడా కూర్చునేవాడు కాదు. ముప్పై ఏళ్ల పైచిలుకు పాస్టరు పక్కన నిలబడే ఉన్నాడు. పట్టాలు మోసినవాడి కొడుక్కి ఆ చర్చిలో అంత ఎత్తు చోటు దొరకడం చిన్న విషయమేమీ కాదు, ఆ సంగతి అతనికీ తెలుసు. దానికి తోడు ఆ ఏడాది, అంటే రెండు వేల పదహారులో, చర్చికి వజ్రోత్సవం వచ్చింది. ఢిల్లీ నుంచి బిషప్పు గారు వచ్చి ఇంగ్లీషులో మాట్లాడతారని, ఆయన పక్కన నిలబడి తర్జుమా చేసేది జ్ఞానప్రకాశమేనని కార్యదర్శి సూర్యారావు గారు మాటిచ్చారు. సూర్యారావు గారు పెద్ద గుమాస్తాగా రిటైరైన మనిషి, చర్చిలో ఆయన మాటకు తిరుగు లేదు. జ్ఞానప్రకాశం అప్పుడే కొత్త కోటుకు కొలతలిచ్చి వచ్చాడు.

అలాంటి సమయంలో కొత్త పాస్టరు హేమంత్ గారు ఒక సినిమా తెచ్చారు. ఆయన అభన్‌పూర్ వైపు కుర్రాడు. తెలుగు ఒక్క ముక్క రాదు, ఉత్సాహం మాత్రం బోలెడు. అమెరికాలో నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ విడదీసి ఉంచిన రోజుల కథ ఆ సినిమా. శనివారం సాయంత్రం చర్చి గోడకు తెల్ల దుప్పటి కట్టి ఆడించారు. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి కనక మైకు జ్ఞానప్రకాశం చేతికిచ్చారు.

అందులో ఒక ఊరి బస్సు. బస్సులో తెల్లవాళ్ల సీట్లు ఎక్కడిదాకానో చెప్పే ఒక చెక్క బోర్డు ఉంటుంది. తెల్లవాళ్లు ఎక్కువ మంది ఎక్కితే డ్రైవరు ఆ బోర్డు తీసి వెనక్కి తగిలిస్తాడు, నల్లవాళ్లు లేచి ఇంకా వెనక్కి పోవాలి. ఇళ్లలో వంట చేసుకు బతికే ఒక నల్ల ఆడమనిషి పని ముగించుకుని బస్సెక్కి కూర్చుంది. డ్రైవరు బోర్డు పట్టుకుని వచ్చాడు. జ్ఞానప్రకాశం గొంతు సవరించుకుని, "ఓ స్త్రీ, నీవు లేచెదవా లేదా?" అన్నాడు. చర్చి ఘొల్లుమంది. చాపల మీద ముందు కూర్చునే ముసలి అన్నమ్మ, డ్రైవరు అలా మాట్లాడితే ఆవిడ లేవకపోగా నిద్రపోతుందని గట్టిగానే అంది.

జ్ఞానప్రకాశానికి చురుక్కుమంది. అప్పుడు, తనకే తెలియకుండా, వేదిక తెలుగు వదిలేసి ఇంటి తెలుగులోకి దిగిపోయాడు. ఇక చూడండి, అమెరికావాళ్లందరూ బొబ్బిలి యాసలో తగువులాడుకోవడం మొదలుపెట్టారు. డ్రైవరు "లెగుతావా, పోలీసోళ్లని పిలవమంటావా" అన్నాడు. ఆ ఆడమనిషి తల తిప్పి అతన్ని చూసి ఒకే ఒక్క మాట అంది. "నో." వడ్డీ లేకుండా ఏనాడూ అసలివ్వని జ్ఞానప్రకాశం ఆ ఒక్క మాటను ఇలా చెప్పాడు: "లెగను. పొద్దుట్నుంచీ నిలబడే పని సేసినాను. నా కాళ్లు కూడా మనుషుల కాళ్లే."

చర్చిలో వెనకెక్కడో ముక్కు చీదిన చప్పుడు. తర్వాత ఊరంతా బస్సులు మానేసి కాళ్లరిగేలా నడిచిన కథ నడుస్తున్నంతసేపూ ఆడవాళ్ల కొంగులు కళ్ల దగ్గరే ఉన్నాయి. సినిమా అయ్యాక సూర్యారావు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ లేచి, మనుషులు ఇంత క్రూరంగా ఉంటారా, మన దగ్గర ఇలాంటివి లేనందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుందాం అన్నారు. ఆయన భార్య మాలతి గారైతే తానే ఆ బస్సులో ఉంటే డ్రైవరు చెంప పగలగొట్టేదాన్నని పదిమందికి చెప్పారు. అన్నమ్మ ఇల్లు చేరేదాకా ఆ డ్రైవరు ఏడు తరాలనూ తిడుతూనే ఉంది.

దారిలో మాట్లాడని మనిషి మరియమ్మ ఒక్కతే. మరియమ్మ జ్ఞానప్రకాశం భార్య. ఒక నర్సింగ్ హోములో ఆయాగా పనిచేస్తుంది. సాయంత్రానికి ఆమె పాదాలు పూరీల్లా పొంగి ఉంటాయి. జ్ఞానప్రకాశం మాత్రం గాలిలో తేలుతున్నాడు. తర్జుమా ఎలా ఉందని రెండుసార్లు అడిగాడు. ఇంటికెళ్లి చెప్పులు విడిచాక గానీ ఆమె నోరు విప్పలేదు.

"ఆ బస్సులో బోర్డున్నాది. మన సర్చిలో ఆ బోర్డు ఎక్కడున్నాదో సెప్పు."

మన చర్చిలో బోర్డేమిటి, అలాంటిదేం లేదన్నాడు జ్ఞానప్రకాశం.

"అదే సెప్తన్నాను. బోర్డు లేకుండానే మనకి తెలుసు."

జవాబు తోచనప్పుడు మగవాళ్లందరూ చేసే పనే జ్ఞానప్రకాశం చేశాడు, కోప్పడ్డాడు. అది అమెరికా, ఇది రాయ్‌పూర్, దానికీ దీనికీ ముడేమిటన్నాడు. చాప మీద కూర్చుంటే ప్రార్థన చెవిని పడదా అన్నాడు. మరియమ్మ కాళ్లకు వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ అన్నీ విని, చివరికి, నువ్వు పొద్దస్తమానం నిలబడే ఉంటావు, నీకు చోటుతో పనేటని అడిగింది. చాప మీద కూర్చున్నాక తను లేవాలంటే పక్కవాళ్ల భుజం పట్టుకోవాలని, ఆ సంగతి వేదిక మీంచి వారం వారం చూస్తూనే ఉన్నాడు గానీ ఏనాడూ కనపడలేదని కూడా అంది. తను రేపు బెంచీ మీద కూర్చుంటానంది. మాలతి గారి బెంచీ మీదే, ఎందుకంటే అది ఎప్పుడూ సగం ఖాళీగా ఉంటుంది.

జ్ఞానప్రకాశం కోపం మాని బతిమాలాడు. వజ్రోత్సవం దాకా ఆగమన్నాడు. బిషప్పు గారి పక్కన ఒక్కసారి నిలబడనిమ్మని, ఆ తర్వాత బెంచీ మీద కాదు, కావాలంటే వేదిక మీదే కూర్చోమన్నాడు. మరియమ్మ అవుననలేదు, కాదనలేదు. కాళ్లు తుడుచుకుని పడుకుంది. ఆవిడ మెత్తబడిందని జ్ఞానప్రకాశం అనుకున్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసి కూడా అలా అనుకున్నాడంటే అతని అమాయకత్వాన్ని ఏమనాలి?

ఆదివారం పొద్దున మొదటి ప్రార్థనలో కళ్లు మూసుకున్న జ్ఞానప్రకాశం, ఆమెన్ చెప్పి కళ్లు తెరిచేసరికి, ఆడవాళ్ల వైపు మొదటి బెంచీ మీద తన భార్య కూర్చుని ఉంది. ఉతికిన నీలం చీర, ఒళ్లో బైబిలు, నేలకు ఆనించిన రెండు పాదాలు. వెనక చాపల మీద గుసగుసలు చీమల్లా పాకుతున్నాయి.

మాలతి గారు ఎప్పటిలా ఆలస్యంగా వచ్చారు. తన చోటు తనకోసం కాచుకుని ఉంటుందన్న నమ్మకంతో నేరుగా ముందుకు నడిచి వచ్చి, బెంచీ దగ్గర ఆగిపోయారు. వంగి చెవిలో ఏదో అన్నారు, మర్యాదగానే. మరియమ్మ మర్యాదగానే జవాబు చెప్పింది, కాకపోతే అందరికీ వినబడేలా చెప్పింది.

"లెగనమ్మా. వారమంతా నిలబడే పని. నా కాళ్లు కూడా మనుషుల కాళ్లే."

వేదిక మీద జ్ఞానప్రకాశం తన మాటల్ని గుర్తుపట్టాడు. ఆ మాటలు సినిమాలో ఆవిడ అనలేదు. ఆవిడ అన్నది ఒక్క "నో". మిగతాదంతా తన కొసరే. కొసరు ఇంటికొచ్చి కూర్చుంది.

సూర్యారావు గారు లేచి వేదిక దగ్గరకొచ్చి పాస్టరు గారి చెవిలో ఊదారు. ఒకావిడ పొరపాటున ఇంకొకరి చోట్లో కూర్చుంది, మీరు ఒక్కమాట చెప్తే సరిపోతుందని. పాపం హేమంత్ గారు కొత్తవారు. నిన్న సినిమా తెచ్చింది తానే అయినా ఈ రోజు అదే సినిమా నడుస్తోందని ఆయనకు తెలీదు. చిరునవ్వుతో, "బహన్‌జీ, కృపయా అప్‌నీ జగహ్ పర్ చలీ జాయియే" అన్నారు. అమ్మా, దయచేసి మీ చోటికి మీరు వెళ్లండి అని. అని, అలవాటు ప్రకారం ఆగారు.

అందరికీ అర్థమైంది. అయినా ఎవరూ కదల్లేదు. తెలుగు పడలేదు కదా. చర్చిలో ఉన్న కళ్లన్నీ జ్ఞానప్రకాశం మీద వాలాయి.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒక పక్క సూర్యారావు గారు, ఆయన వెనక బిషప్పు గారు, కుట్టడానికిచ్చిన కోటు. ఇంకో పక్క నీలం చీర. మరియమ్మ తల తిప్పి అతన్ని చూసింది. కోపంగా చూడలేదు, బతిమాలుతున్నట్టూ చూడలేదు. సినిమాలో ఆ ఆడమనిషి డ్రైవర్ని ఎలా చూసిందో అలా చూసింది. నిన్న ఆ రెండు గొంతులూ తనే పలికాడు. ఈ రోజు ఆవిడ గొంతును మరియమ్మ తీసేసుకుంది. తనకు డ్రైవరు గొంతు ఒక్కటే మిగిలింది. అది తలచుకోగానే జ్ఞానప్రకాశానికి సిగ్గేసింది, నిలువునా సిగ్గేసింది. మైకు నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. బైబిలు తెలుగు కోసం వెతికాడు, దొరకలేదు. ఉన్న తెలుగులోనే చెప్పాడు.

"ఎనకాల సాపల మీద కూకున్నోళ్లంతా ముందుకొచ్చి బెంచీల మీద కూకోమంటన్నారు పాస్టరు గారు. బోల్డంత జాగా ఉన్నాది."

అందరికంటే ముందు అన్నమ్మ మోకాళ్లు పట్టుకుని, స్తోత్రం ప్రభువా అంటూ లేచింది. సూర్యారావు గారు ఆపబోయి, అన్నమ్మా, పాస్టరు గారు ఏమన్నారో నీకు వినపడలేదా అన్నారు.

"నాకు హిందీ రాదు నాయనా," అంది అన్నమ్మ.

యాభై ఏళ్లుగా రాయ్‌పూర్‌లో చేపలమ్మిన మనిషి. ఆవిడ హిందీకి జడిసి మునిసిపాలిటీవాళ్లు పక్క వీధిలోంచి పోయేవారు. ఆవిడకే హిందీ రాకపోతే ఇంకెవరికి వస్తుంది? చాపల మీది ఆడవాళ్లందరూ హిందీ మరచిపోయి లేచారు. పిల్లల్ని చంకనేసుకుని, చెంగులు సర్దుకుని వచ్చి బెంచీలు నింపేశారు. మాలతి గారికి కూడా చోటు దొరికింది, అన్నమ్మకూ మరియమ్మకూ మధ్యన కాస్త ఇరుకుగా. పాస్టరు గారు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు. తన ఒక్క వాక్యానికి సంఘంలో ఇంత కదలిక రావడం ఆయన చూడటం అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుంది. సంఘంలో అందరికీ హిందీ వచ్చు కనక ఇకపై తర్జుమా అక్కర్లేదని తేల్చారు. ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు. బిషప్పు గారికి భిలాయ్ నుంచి ఎవరినో పిలిపిస్తామని కబురంపారు. జ్ఞానప్రకాశం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మరియమ్మ అతని కంచంలో చేప ముక్క వేస్తూ, నిన్నిలా చూస్తే ఏడుపొస్తంది, అయినా లెగనని చెప్పింది. లేవమని అతను అడగలేదు కూడా. ఏడుపు మాత్రం ఇద్దరికీ కాస్త వచ్చింది.

తర్వాతి ఆదివారం జ్ఞానప్రకాశం చర్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఇంత వయసొచ్చాక ఎక్కడ కూర్చోవాలో తెలీని మనిషి ఆ చర్చిలో అతనొక్కడే. ఆడవాళ్ల వైపు చాపలు చుట్టి గోడకు ఆనించి ఉన్నాయి, బెంచీలు కిక్కిరిసి ఉన్నాయి. మగవాళ్ల వైపు మాత్రం ఏదీ మారలేదు. ఊరి బయట సీల్తారా కార్ఖానాల్లో డ్యూటీ దిగి వచ్చిన పెద్ద పెద్ద మగాళ్లు బుద్ధిగా చాపల మీదే ఉన్నారు. జ్ఞానప్రకాశం వాళ్లను చూశాడు, ముందున్న బెంచీని చూశాడు. నడిచి వెళ్లి సూర్యారావు గారి పక్కన కూర్చున్నాడు. సూర్యారావు గారు అంగుళం కూడా జరగలేదు. జ్ఞానప్రకాశం సగం తొడ గాల్లోనే ఉంది, అయినా కూర్చున్నాడు.

హేమంత్ గారు హిందీలో మొదటి వాక్యం చెప్పి, అలవాటు ప్రకారం ఆగారు. తెలుగు రాలేదు. అన్నమ్మ గొంతెత్తి, "ఏటన్నాడు?" అంది. ఆయన కంగారుపడి రెండో వాక్యం చెప్పి ఆగారు. "ఏటన్నాడు?" అన్నారు ఈసారి నలుగురైదుగురు. మూడో వాక్యానికి ఆడవాళ్ల బెంచీలన్నీ అదే అడిగాయి, నవ్వాపుకుంటూ. పాస్టరు గారు చెమట తుడుచుకుని సూర్యారావు గారి వంక దీనంగా చూశారు.

సూర్యారావు గారు పెద్ద గుమాస్తాగా చేసినవారు, లెక్క వేగంగా వేయగలరు. జ్ఞానప్రకాశం లేచి మైకు దగ్గరకు వెళ్తే ప్రసంగం నడుస్తుంది, ఆడవాళ్ల నోళ్లు మూతపడతాయి, పక్కన బెంచీ కూడా ఖాళీ అవుతుంది. ఒంగి, ఆప్యాయంగా అతని మోకాలి మీద చెయ్యి వేసి, లే, నీ చోటు నీకే, పోయి నిలబడు అన్నారు. భిలాయ్ ఆయన్ని వద్దని చెప్పేస్తానని, బిషప్పు గారి పక్కన కూడా నువ్వేనని అన్నారు.

జ్ఞానప్రకాశానికి కళ్లెదుట కోటు కనిపించింది, వజ్రోత్సవం దీపాలు కనిపించాయి. ముప్పై ఏళ్లు నిలబడ్డ చోటు పది అడుగుల దూరంలో అతనికోసం ఖాళీగా ఉంది. దాని మీద ఆశ లేదంటే అబద్ధం. కాళ్లు లేవడానికి సిద్ధపడ్డాయి కూడా. అతను వెనక్కి తిరిగి, చాపల మీంచి తననే చూస్తున్న మగవాళ్లను చూశాడు. తర్వాత సూర్యారావు గారి చేతిని మోకాలి మీంచి మెల్లగా తీసి, ఆయన ఒళ్లో పెట్టాడు.

"లెగనండి," అన్నాడు జ్ఞానప్రకాశం. "మీరు కాస్త జరిగితే, ఇక్కడ కూకునే సెప్తాను."